నాలుగు సున్నాల చిక్కు: ఇకిగాయ్ బొమ్మలో కలిసిపోయిన ప్రశ్నలు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు ఆ మధ్య ఒక ఆదివారం ఫోన్ చేసి, "మావయ్యా, నా నాలుగు సర్కిళ్లూ ఎక్కడా కలవట్లేదు" అంది. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. వాళ్ల ఆఫీసులో ట్రైనింగ్ పెట్టారట. వచ్చినాయన తెర మీద ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన నాలుగు సున్నాల బొమ్మ చూపించి, "వందేళ్లు బతికే జపాన్ వాళ్ల రహస్యం ఇదే, దీని పేరు ఇకిగాయ్, మీ మీ సున్నాలు నింపుకోండి" అంటూ కాగితాలు పంచాడట. గంటసేపు కూర్చున్నా నడిమి గడిలో రాయడానికి తనకేమీ దొరకలేదు. పక్క సీటు అబ్బాయి మాత్రం "క్లౌడ్ ఆర్కిటెక్ట్" అని రాసేసి టీకి వెళ్లిపోయాడు. అందరికీ ఉన్నదేదో తనకే లేదేమోనని ఆ పిల్ల టెన్షన్.

ఈ బొమ్మ వాట్సాప్‌లో, కాలేజీల కౌన్సెలింగ్ గదుల్లో, లింక్డిన్ పోస్టుల్లో ఎక్కడ చూసినా కనిపిస్తోంది. చూడ్డానికి ఒకే ప్రశ్నలా ఉంటుంది కానీ, లోపల కనీసం మూడున్నాయి. నేను సంతోషంగా ఉన్నానా? నా బలం ఏమిటి? నేను ఎటు వెళ్లాలి? ఈ మూడింటి మీదా విడివిడిగా దశాబ్దాల పరిశోధన జరిగింది. జవాబులు ఒకేచోట కలవాలన్న నియమం అందులో ఎక్కడా లేదు. ఒక్కొక్క పోగూ విడదీసే ముందు, అసలు ఈ బొమ్మ ఎక్కడిదో చూద్దాం.

## మాట జపాన్‌ది, బొమ్మ స్పెయిన్‌ది

నాలుగు సున్నాల్లో నాలుగు ప్రశ్నలుంటాయి. నీకేది ఇష్టం, నువ్వేది బాగా చేస్తావు, లోకానికేది కావాలి, దేనికి డబ్బులిస్తారు. నాలుగూ కలిసే చోట 'ఇకిగాయ్' అని రాసి ఉంటుంది.

2011లో ఈ బొమ్మను గీసింది ఆండ్రెస్ జుజునాగా అనే స్పెయిన్ జ్యోతిష్కుడు. అప్పుడు నడిమి గడిలో ఉన్నది 'జీవిత ప్రయోజనం' అనే అర్థమిచ్చే స్పానిష్ మాట. అంతకు రెండేళ్ల ముందు, 2009లో, డాన్ బ్యూట్నర్ అనే అమెరికన్ రచయిత దీర్ఘాయుష్షు గురించి 'టెడ్' అనే ప్రసంగ వేదిక మీద మాట్లాడుతూ జపాన్‌లోని ఒకినావా దీవుల వృద్ధుల ఇకిగాయ్ గురించి చెప్పాడు. 2014లో మార్క్ విన్ అనే బ్లాగరు ఈ రెండింటినీ అతికించాడు. స్పానిష్ బొమ్మలో నడిమి మాట తీసి 'ఇకిగాయ్' అని పెట్టాడు. తాను చేసిందల్లా ఒక్క మాట మార్చడమేనని తర్వాత తనే రాసుకున్నాడు. జ్యోతిష్కుడు గీసిన బొమ్మకు కార్పొరేట్ ట్రైనింగుల్లో ఇంత గౌరవం దొరికింది, పాపం మన పంచాంగకర్తలకు ఆ అదృష్టం పట్టలేదు.

మరి జపాన్‌లో ఆ మాటకు అర్థం? 'ఇకి' అంటే బతకడం, 'గాయ్' అంటే పడ్డ శ్రమకు తగిన ఫలం. తెలుగులో దగ్గరి మాట వెతికితే 'బతుకు మీద తీపి' అనొచ్చు. పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోయడం, మనవరాలిని బడికి తీసుకెళ్లడం, వారానికోసారి స్నేహితులతో కూర్చోవడం, ఏదైనా కావచ్చు. బ్యూట్నర్ చెప్పిన ఉదాహరణలే చూడండి. వందేళ్ల జాలరికి వారానికి మూడుసార్లు ఇంట్లోవాళ్ల కోసం చేపలు పట్టుకురావడం ఇకిగాయ్. 102 ఏళ్ల అవ్వకు తన మునిమనవరాలికి మనవరాలు. అవ్వకు జీతమెవరిస్తారు? జాలరికి ప్రమోషన్ ఎక్కడుంది? నాలుగు సున్నాల పరీక్ష పెడితే ఇద్దరూ తప్పినట్టే.

ఇంకో సంగతి. పని నుంచి వచ్చే తృప్తికి జపాన్ భాషలో వేరే మాట ఉంది, 'హతరాకిగాయ్'. ఏదైనా పూనుకుని చేసినందుకు కలిగే ఫలానికి 'యారిగాయ్'. అంటే బతుకుకు ఒకటి, పనికి ఒకటి, చేతకు ఒకటి. వాళ్లు మూడు మాటలు వాడుతుంటే మనం మూడింటినీ కలిపి కెరీర్ అంటున్నాం.

## కుష్ఠు ఆశ్రమంలో వినిపించిన జవాబులు

ఇకిగాయ్ మీద లోతైన అధ్యయనం చేసినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు మియేకో కామియా. ఆమె మానసిక వైద్యురాలు. ఒకాయామా ప్రాంతంలోని నాగాషిమా దీవిలో కుష్ఠురోగుల ఆశ్రమం ఉండేది. ఆమె అక్కడ పనిచేస్తూ రోగులతో మాట్లాడి, ఆ అనుభవంతో 1966లో ఇకిగాయ్ గురించి పుస్తకం రాశారు. అప్పట్లో జపాన్‌లో కుష్ఠు సోకినవాళ్లను చట్ట ప్రకారం ఊరికి దూరంగా పెట్టేవారు. మందులు వచ్చి జబ్బు నయమవుతున్నా ఆ చట్టం 1996 దాకా రద్దు కాలేదు. ఇల్లు, ఉద్యోగం, ఊరు, ఒక్కోసారి సొంత పేరు కూడా వదులుకొని వచ్చినవాళ్లు వాళ్లు.

చాలామంది బతుకుకు అర్థమే కనిపించడం లేదన్నారు. అది ఊహించదగ్గదే. ఆమెను ఆలోచనలో పడేసింది మిగతావాళ్లు. జబ్బు తీవ్రంగా ఉండి కూడా బతుకు మీద తీపి పోనివాళ్లు కొందరు కనిపించారు. ఒంటి పరిస్థితికీ ఈ తీపికీ నేరుగా లంకె కుదరలేదు. అక్కడి నుంచే కామియా ఒక ముఖ్యమైన తేడా చూపించారు. తీపి ఎక్కడి నుంచి వస్తోందో ఆ వస్తువు వేరు, తీపి ఉందన్న అనుభూతి వేరు. పిల్లలు, వృత్తి, భక్తి, కవిత్వం లాంటివి మొదటి రకం. ఈ రోజు తర్వాత ఒక రేపు ఉందన్న భావన రెండోది. మొదటిది పోయినా రెండోది ఇంకో ఆధారం వెతుక్కోగలదు. మొదటివన్నీ చేతినిండా ఉన్నా రెండోది లేకపోవచ్చు.

నడిమి గడిలో రాయాల్సింది వీటిలో దేన్ని? ట్రైనింగ్ కాగితం అడిగింది వస్తువును. మా మేనకోడలి బాధ అనుభూతి గురించి.

## సంతోషం కొలిచే రెండు కొలతలు

మొదటి పోగు, సంతోషం. ఏటా మార్చిలో ప్రపంచ సంతోష నివేదిక రాగానే మన పేపర్లలో భారత్ ర్యాంకు మీద వార్తలు వస్తాయి. 2025 నివేదికలో 147 దేశాల్లో మనది 118. ఫిన్లాండ్ వరుసగా ఎనిమిదో ఏడాది మొదటి స్థానంలో నిలిచింది. "మనకన్నా ఆ చలి దేశంవాళ్లు ఎక్కువ నవ్వుతారా?" అని చాలామంది అడుగుతారు. ర్యాంకుకు ఆధారమైన ప్రశ్నలో నవ్వు సంగతే లేదు, సంతోషం అన్న మాట కూడా లేదు. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఊహించుకోండి, పై మెట్టు మీకు సాధ్యమైన అత్యుత్తమ జీవితం, కింది మెట్టు అధమం, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు? ఇంతే అడుగుతారు. అమెరికన్ పరిశోధకుడు హాడ్లీ కాంట్రిల్ 1960లలో తయారుచేసిన కొలత ఇది.

రెండో కొలత నిన్నటి రోజును అడుగుతుంది. నిన్న నవ్వారా, చిరాకు పడ్డారా, ఆందోళన కలిగిందా? ఈ రెండూ ఒకేలా కదలవు. పసిపిల్ల తల్లి నిద్రలేక రోజంతా చిరాకులో ఉండొచ్చు, అయినా నిచ్చెన మీద ఎనిమిదో మెట్టు చెప్పొచ్చు. స్నేహితులతో రోజూ సరదాగా గడిపే కుర్రాడు ఉద్యోగం రాలేదన్న దిగులుతో నాలుగో మెట్టు చెప్పొచ్చు.

మన దగ్గర ఈ తేడాకు పాత మాటలున్నాయి. కఠోపనిషత్తులో యముడు నచికేతుడితో ప్రేయస్సు వేరు, శ్రేయస్సు వేరు అంటాడు. అప్పటికప్పుడు హాయినిచ్చేది మొదటిది, మేలు చేసేది రెండోది. ఇవి ఆధునిక కొలతలతో అచ్చంగా సరిపోవు. యముడి దృష్టిలో శ్రేయస్సే గొప్పది, సర్వేవాళ్లు మాత్రం ఏది గొప్పో చెప్పరు. కానీ రెండింటినీ ఒకే మాటతో పిలిస్తే చిక్కు వస్తుందన్నది అక్కడా ఇక్కడా ఒకటే.

## జీతం పెరిగితే ఏం పెరుగుతుంది?

2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అనే పరిశోధకులు అమెరికాలో సుమారు 4,50,000 సర్వే జవాబులు విశ్లేషించారు. ఆదాయం పెరిగేకొద్దీ నిచ్చెన మీద మెట్టు పెరుగుతూనే ఉంది. రోజువారీ హాయి మాత్రం ఏడాదికి సుమారు 75,000 డాలర్ల దగ్గర ఆగిపోయింది. ఈ రెండో సగమే వార్తయింది, "డబ్బుతో సంతోషం రాదని నోబెల్ గ్రహీతలు తేల్చారు" అని. మొదటి సగాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే ఇంకో పరిశోధకుడు ఫోన్ యాప్ ద్వారా 33,000 మందికి పైగా ఉద్యోగుల్ని రోజులో అనుకోని వేళల్లో "ఈ క్షణం ఎలా ఉన్నారు?" అని అడిగి చూశాడు. ఆయన లెక్కలో హాయి ఎక్కడా ఆగలేదు. కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ ఇద్దరిలో ఎవరు రైటు? సాధారణంగా ఇలాంటి తగాదాలు ఏళ్ల తరబడి పత్రికల్లో నడుస్తాయి. వీళ్లు మాత్రం బార్బరా మెల్లర్స్‌ను మధ్యవర్తిగా పెట్టుకుని కలిసి కూర్చుని, 2023లో ఉమ్మడి పత్రం వేశారు. తేలిందేమంటే, ఎక్కువమందికి ఆదాయంతో పాటు హాయి పెరుగుతూనే ఉంది. అందరికన్నా దిగులుగా ఉన్న సుమారు 20 శాతం మందికి మాత్రం ఒక స్థాయి తర్వాత ఆగిపోతోంది. డబ్బుతో తీరే కష్టాలు అప్పటికి తీరిపోతాయి. ప్రేమలో దెబ్బతినడం, అయినవాళ్లు పోవడం, మనోవ్యాధి లాంటివి జీతంతో పోవు.

'పెరుగుతూనే ఉంది' అన్నచోట ఒక మెలిక ఉంది. ఇక్కడ లెక్క రూపాయల్లో కాదు, రెట్లలో. నెలకు 20,000 వచ్చే మనిషికి ఇంకో 20,000 పెరిగితే ఆదాయం రెట్టింపైంది. 2,00,000 వచ్చే మనిషికి అదే 20,000 పెరిగితే పది శాతమే. పరిశోధకులు వాడే లాగరిథమ్ కొలతలో మొదటి పెరుగుదల రెండోదానికి ఏడు రెట్లకు పైగా ఉంటుంది. అందుకే "డబ్బు ముఖ్యం కాదు" అని లక్షల జీతగాడు చెప్పినప్పుడు అది అతని వరకు కొంత నిజమే కావచ్చు. విన్న డెలివరీ కుర్రాడికి కాదు. ఇవన్నీ అమెరికా గణాంకాలని కూడా గుర్తుంచుకోవాలి. ఆ డాలర్ల అంకెను రూపాయల్లోకి మార్చి, ఇంత వస్తే చాలు అని చెప్పడం కుదరదు.

## అలవాటైపోయేవి, ఎన్నాళ్లైనా కానివి

1978లో ఒక ప్రసిద్ధ అధ్యయనంలో లాటరీ గెలిచిన 22 మందిని, ప్రమాదంలో కాళ్లో, కాళ్లూ చేతులూ రెండూనో చచ్చుబడిన 29 మందిని, మామూలు జనాన్ని పోల్చారు. లాటరీ గెలిచినవాళ్లు మామూలు వాళ్లకన్నా చెప్పుకోదగ్గంత సంతోషంగా లేరు. దీన్నుంచి "మనిషి దేనికైనా అలవాటు పడతాడు" అనే సూత్రం పాకింది. దూరపు కొండలు నునుపు అన్న మన సామెతకు శాస్త్రం ముద్ర వేసినట్టే అనిపిస్తుంది. అయితే ఆ అధ్యయనంలోనే ప్రమాద బాధితులు మిగతావాళ్లకన్నా తక్కువ సంతోషం చెప్పారన్న సంగతి ఆ పాకుడులో రాలిపోయింది.

తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలు ఈ సూత్రానికి హద్దులు గీశాయి. జర్మనీలో ఏళ్ల తరబడి అవే కుటుంబాలను అడుగుతూ వచ్చిన సర్వేల్లో, ఉద్యోగం పోయినవాళ్ల తృప్తి మళ్లీ ఉద్యోగం దొరికాక కూడా పూర్తిగా పాత స్థాయికి రాలేదని కనిపించింది. లేఆఫ్‌ల కాలంలో గుర్తుంచుకోవలసిన విషయం ఇది. "ఇంకోటి దొరికిందిగా, ఇంకా ఎందుకు దిగులు?" అని ఇంట్లోవాళ్లు అనడం సహజం. ఆ దిగులు వాళ్ల బలహీనత కాదు.

అలవాటు కాని ఇంకో సంగతి, ప్రయాణం. అదే జర్మన్ లెక్కలతో ఆలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై అనే ఆర్థిక శాస్త్రవేత్తలు చూపించినది ఇది. దూరం నుంచి ఉద్యోగానికి వచ్చేవాళ్లకు ఎక్కువ జీతమో తక్కువ అద్దెకు మంచి ఇల్లో దొరికి ఆ శ్రమ సరిపోవాలి. కానీ సరిపోవడం లేదు, ఎక్కువసేపు ప్రయాణించేవాళ్ల తృప్తి తక్కువగానే ఉంది.

మా మేనకోడలి ఎదురుగా ఉన్న అసలు నిర్ణయం కూడా ఇలాంటిదే. ఇప్పుడు జీతం 60,000 అనుకుందాం. ఎనిమిది గంటల పని, రానూపోనూ గంట ప్రయాణం. నెలకు 22 రోజులకు 198 గంటలు, అంటే గంటకు సుమారు 303 రూపాయలు. కొత్త కంపెనీ 15 శాతం ఎక్కువిస్తానంటోంది, 69,000. కానీ ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి ఆటో. ప్రయాణం రెండున్నర గంటలవుతుంది. నెలకు 231 గంటలు. గంటకు సుమారు 299. జీతం పెరిగింది, గంట విలువ తగ్గింది. కొత్త పని మంచిది కావచ్చు, అక్కడ ఎదుగుదల ఉండొచ్చు, అవి ఈ లెక్కలోకి రావు. కానీ ఆఫర్ లెటర్‌లో కనిపించని 33 గంటలు మాత్రం ఈ లెక్కలో కనిపిస్తాయి.

## మార్కులు వచ్చిందే బలమా?

ఇక రెండో పోగు. మన ఇళ్లల్లో బలం అంటే పదో తరగతిలో లెక్కల మార్కులు. లెక్కలొస్తే ఎంపీసీ, రాకపోతే బైపీసీ, రెండూ కాకపోతే "సరే, ఏదో ఒకటి." పదహారేళ్లకే బలాబలాల పంచాయితీ తెగిపోతుంది.

మనస్తత్వ శాస్త్రంలో బలం అన్న మాటను కనీసం రెండు రకాలుగా వాడతారు. క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ 2004లో ఇచ్చిన జాబితాలో 24 గుణబలాలున్నాయి. కుతూహలం, ధైర్యం, దయ, న్యాయబుద్ధి, హాస్యం, కృతజ్ఞత వంటివి. ఇవి నైపుణ్యాలు కావు, స్వభావాలు. గ్యాలప్ సంస్థ అమ్మే పరీక్షలో 34 అంశాలుంటాయి, అవి పనిలో పనికొచ్చే సహజ మొగ్గులు. ఇవి కాక పదహారు రకాల మనుషులంటూ నాలుగు అక్షరాల ముద్ర వేసే పరీక్ష ఇంకొకటి. ఆఫీసుల్లో ఎక్కువ ప్రచారం దీనికే. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే ముద్ర వస్తుందన్నది దీని మీద పాత విమర్శ.

బలాల మీద దృష్టి పెడితే మేలు జరుగుతుందా? సెలిగ్మన్ బృందం 2005లో ఇంటర్నెట్ ద్వారా చేసిన ప్రయోగంలో, తమ ముఖ్య బలాన్ని వారం పాటు రోజూ కొత్త పద్ధతిలో వాడినవాళ్లకు ఆరు నెలల దాకా మేలు కనిపించింది. తర్వాత ఇతరులు అదే ప్రయోగం చేసినప్పుడు, ఊరికే మంచి జ్ఞాపకాలు రాసుకున్నవాళ్లకన్నా గట్టి తేడా రాలేదు. బలాలను వాడటమే పనిచేస్తోందా, తన గురించి కాస్త మంచిగా ఆలోచించుకోవడం పనిచేస్తోందా అన్న వాదన ఇంకా సాగుతోంది. లోపాలు దిద్దుకోకుండా బలాలే పట్టుకుంటే బలమే అతి అయిపోతుందని ఇంకో పక్షం. సూటిగా మాట్లాడటం బలమైనవాడు మీటింగులో అందరి నోళ్లూ మూయించడం మనం చూడనిదా?

నాకు తోచిన పనికొచ్చే తేడా ఇంకొకటి ఉంది. బాగా చేసే పని వేరు, చేశాక ఓపిక మిగిల్చే పని వేరు. మా మేనకోడలు టెస్టింగ్‌లో దిట్ట, తప్పులు ఇట్టే పట్టేస్తుంది. సాయంత్రానికి మాత్రం తలనొప్పి. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పిన రోజు ఎనిమిదింటికి ఇంటికొచ్చినా ఫోన్‌లో గలగలా మాట్లాడుతుంది. నేర్పడం తన డ్యూటీ కాదు కాబట్టి 'బాగా చేసేవి' అన్న సున్నాలో దాన్ని రాయాలని తనకు తోచనే లేదు.

## ఇష్టం దొరుకుతుందా, పెరుగుతుందా?

మొదటి సున్నా, ఇష్టం, ఎక్కడో దాక్కుని ఉందనీ వెతికితే దొరుకుతుందనీ అనుకుంటాం. పాల్ ఓకీఫ్, కారల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ 2018లో ఈ నమ్మకాన్నే పరీక్షించారు. విద్యార్థులకు కృష్ణబిలాల గురించి ఆకట్టుకునే వీడియో చూపించారు. అందరూ అబ్బురపడ్డారు. తర్వాత అదే విషయం మీద కష్టమైన వ్యాసం చదివించారు. ఇష్టం పుట్టుకతోనే ఉంటుందని నమ్మేవాళ్ల ఆసక్తి ఎక్కువగా పడిపోయింది. కష్టంగా ఉందంటే ఇది నాది కాదేమో అనుకున్నారు. ఇష్టం పెంచుకుంటే పెరుగుతుందని నమ్మేవాళ్లు అంత తొందరగా వదల్లేదు.

దీనర్థం ఏ పనినైనా ప్రేమించడం నేర్చుకోవచ్చని కాదు. ఒక వీడియో, ఒక వ్యాసం మీద చేసిన ప్రయోగం ముప్పై ఏళ్ల కొలువు గురించి ఎంతవరకు చెప్పగలదు?

## ఒకే కుర్చీ, మూడు రకాల ఉద్యోగులు

మూడో పోగు, దారి. ఎమీ రెజ్‌నెస్కీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 1997లో పనిని మనుషులు మూడు విధాలుగా చూస్తారని రాశారు. కొందరికి అది జీతం, బతుకు ఆఫీసు బయట ఉంటుంది. కొందరికి మెట్లు, తర్వాతి హోదా కోసం. కొందరికి పనే ఫలం. ఆ అధ్యయనంలో ఆఫీసు సహాయకులుగా ఒకే రకం పనిచేసే 24 మందిని విడిగా చూస్తే, మూడు రకాలవాళ్లూ దాదాపు మూడో వంతు చొప్పున తేలారు. కుర్చీ ఒకటే, చూపు మూడు.

2001లో ఆమె, జేన్ డటన్ ఆసుపత్రి పారిశుద్ధ్య సిబ్బంది గురించి రాశారు. కొందరు తమ పని తుడవడం వరకే అన్నారు. ఇంకొందరు ఎవరూ చెప్పకుండానే రోగుల్ని పలకరించడం, దారి తెలియని బంధువుల్ని తీసుకెళ్లి దిగబెట్టడం చేసేవారు, రోగి కోలుకోవడంలో తమకూ చేయి ఉందనుకునేవారు. జీతం మారలేదు, డ్యూటీ కాగితం మారలేదు. పనిని లోపలి నుంచి కొద్దికొద్దిగా మలుచుకున్నారు.

కంపెనీలకు ఇలాంటి కథలంటే మహా ప్రీతి. ఎందుకో తెలుసుకోవాలంటే ఇదే పరిశోధన రెండో పార్శ్వం చూడాలి. 2009లో స్టువర్ట్ బండర్సన్, జెఫ్రీ థాంప్సన్ అమెరికాలో జంతు ప్రదర్శనశాలల సిబ్బందిని అధ్యయనం చేశారు. ఈ పని కోసమే పుట్టామనుకునే వాళ్లకు పనిలో అర్థం ఎక్కువగా కనిపించింది. తక్కువ జీతానికీ సొంత సమయం వదులుకోవడానికీ వాళ్లే ఎక్కువగా సిద్ధపడ్డారు. తమ అంకితభావాన్ని యాజమాన్యం వాడుకుంటుందేమోనన్న అనుమానమూ వాళ్లను వదల్లేదు. ఇకిగాయ్ పుట్టిన దేశంలోనే దీనికి పేరు పెట్టారు. సామాజిక శాస్త్రవేత్త యుకి హోండా దీన్ని 'యారిగాయ్ సకుషు' అన్నారు, తృప్తి పేరుతో దోపిడీ. పనిలో ఆనందముంది కదా అని జీతం తగ్గించడం, గంటలు పెంచడం. "పిల్లల భవిష్యత్తు మీ చేతుల్లో ఉంది" అని పొగిడి, వేసవి జీతం ఎగ్గొట్టే ప్రైవేటు బడుల సంగతి తెలిసిన మన టీచర్లకు ఈ జపాన్ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

పనిని కేవలం జీతంగా చూడటం తక్కువేమీ కాదనేవాళ్లు కూడా ఉన్నారు. ఆరింటికి లాప్‌టాప్ మూసేసి, చెక్కభజన బృందంలోనో, క్రికెట్ గ్రౌండ్‌లోనో బతుకు తీపి వెతుక్కునే మనిషి దేన్నో పోగొట్టుకున్నాడని ఏ అధ్యయనమూ తేల్చలేదు.

## నాలుగో సున్నా ఎవరి చేతిలో ఉంది?

నాలుగు సున్నాలు అనగానే నాలుగు పురుషార్థాలు గుర్తొస్తాయి. రెండూ ఒకటేనంటూ ఫార్వర్డులూ తిరుగుతున్నాయి. ధర్మార్థకామమోక్షాలు వేర్వేరు సాధ్యాలు, నాలుగూ ఒకే ఉద్యోగంలో కలవాలని ఎవరూ అనలేదు. స్వధర్మం అన్న మాటకూ ఇదే గతి పట్టింది. 'నీ మనసు చెప్పిన దారి' అని ఇప్పుడు చెబుతున్నారు. గీతలో ఆ మాట వర్ణానికి తగిన విధిని సూచిస్తుంది. స్వభావానికి తగిన పని అని చదివే ఆధునిక వ్యాఖ్యాతలూ ఉన్నారు, కులాన్ని బట్టి పనులు కట్టబెట్టిన చరిత్రను మరిచి అలా చదవలేమనే విమర్శకులూ ఉన్నారు. "నేనేం చేయాలి?" అని ఎంచుకునే వీలే మన ముత్తాతల్లో చాలామందికి లేదు.

ఇప్పుడు పోచంపల్లిలోనో పుట్టపాకలోనో మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి బొమ్మ ఇద్దాం. ఇష్టం, ఉండొచ్చు. నైపుణ్యం, తరాలది. లోకానికి చీర కావాలి. నాలుగోది? నూలు ధర, పవర్‌లూమ్ నకళ్లు, మధ్య వ్యాపారి, పండగ సీజన్ కలిసి తేలుస్తాయి. మిగతా మూడింటిలా అది కూడా మన లోపల వెతుక్కోవాల్సినదే అన్నట్టు బొమ్మలో పక్కపక్కన పెట్టారు. ఈ బొమ్మతో నాకున్న పెద్ద పేచీ ఇదే. బజారు చేసిన పనికి మనిషి తనను తాను నిందించుకుంటాడు.

అదే నేత ఊళ్లలోంచి వచ్చిన మనిషి చింతకింది మల్లేశం, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా శారాజీపేట వాసి. ఇక్కత్ చీరకు రంగులద్దే ముందు, అర్ధచంద్రాకారపు చట్రం మీది మేకులకు దారం చుట్టాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి కొన్ని వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పితో బాధపడేవారు. చిన్నప్పుడే చదువు ఆగిపోయిన మల్లేశం 1992లో ఆ పని చేసే యంత్రం మొదలుపెట్టి, హైదరాబాద్‌లో పనులు చేసుకుంటూ, 1999కి పూర్తి చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆయన మొదలుపెట్టింది ఏ సున్నా నుంచి? ఇంజినీరింగ్ రాదు. ఎవరూ డబ్బివ్వలేదు. యంత్రాల మీద మోజుతో మొదలైన కథా కాదు. ఎదురుగా ఒక భుజం నొప్పి, అంతే. నైపుణ్యం ఏడేళ్లలో వచ్చింది, మిగతావి ఇంకా తర్వాత. ఒక్క విజయాన్ని చూపించి ఇదే దారి అనలేం, ఏడేళ్లు కష్టపడి యంత్రం రానివాళ్ల పేర్లు మనకు తెలియవు. సున్నాలు ఒకదాని తర్వాత ఒకటి, కాలంలో ఏర్పడతాయన్న సంగతి మాత్రం ఈ కథలో స్పష్టంగా ఉంది. గంటలో నింపే కాగితంలో కాలానికి చోటు లేదు.

## ఒసాకిలో అడిగిన ఒక్క ప్రశ్న

జపాన్‌లో ఒసాకి ప్రాంతంలో 43,391 మంది పెద్దవాళ్లను "మీ జీవితంలో ఇకిగాయ్ ఉందా?" అని అడిగి, తర్వాత ఏడేళ్లు గమనించారు. ఫలితాలు 2008లో వచ్చాయి. లేదన్నవాళ్లలో మరణాల ప్రమాదం ఉందన్నవాళ్లకన్నా సుమారు ఒకటిన్నర రెట్లు కనిపించింది. 'ఇకిగాయ్ ఉంటే ఎక్కువకాలం బతుకుతారు' అన్న ప్రచారానికి ఇలాంటి అధ్యయనాలే ఆధారం. అయితే లేదన్నవాళ్లలో ఉద్యోగం లేనివాళ్లు, ఒంటరివాళ్లు, ఒంట్లో నొప్పులున్నవాళ్లు ఎక్కువ. పరిశోధకులు వీటిని లెక్కలో సర్దుబాటు చేశారు, అయినా ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇలాంటి సర్వేతో పూర్తిగా తేలదు.

నన్ను ఆకట్టుకున్నది ఇంకో అంకె. ఉందన్నవాళ్లు 59 శాతం. లేదన్నవాళ్లు 5 శాతం కూడా లేరు. మిగిలిన 36 శాతం "చెప్పలేం" అన్నారు. ఆ మాట పుట్టిన దేశంలో, పుట్టినప్పటి నుంచీ ఆ మాట వింటున్నవాళ్లు.

మా మేనకోడలికి ఇది చెబితే, "అయితే నేను ఆ 36లో ఉన్నానన్నమాట" అని నవ్వింది. కాసేపాగి, "మరి నడిమి గడి నింపేసి టీకి వెళ్లిన మా పక్క సీటువాడు?" అంది.

"ఆ సర్వేలో 40 ఏళ్లు నిండనివాళ్లను అసలు అడగలేదమ్మా" అన్నాను.